ఏ ఏటి ‘డార్క్ స్టార్’?

‘డార్క్ స్టార్’ పాట 1968లో చిన్న రికార్డుగా వచ్చినప్పుడు దాని నిడివి మూడు నిమిషాల లోపే. మరుసటి ఏడు ఫిబ్రవరి 27న శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫిల్మోర్ వెస్ట్ హాల్లో అదే బృందం అదే పాటను 23 నిమిషాలు వాయించింది. 1972 మే 11న నెదర్లాండ్స్‌లోని రాటర్‌డ్యామ్‌లో అది దాదాపు 48 నిమిషాలకు పెరిగింది. తర్వాత పాట పలచబడిపోయింది. ఎప్పుడో ఒకసారి వాయించడం, ఏళ్ల తరబడి పక్కన పెట్టేయడం. అయిదేళ్లు మూలన పడి ఉన్న ఆ పాటను 1989 అక్టోబరు 9న వర్జీనియాలోని హ్యాంప్టన్‌లో ఎత్తుకున్నారు. మొదటి నాలుగు స్వరాలు చెవిన పడగానే హాలు హాలంతా కేకలతో అదిరిపోయింది.

ఆ బృందం పేరు గ్రేట్‌ఫుల్ డెడ్. 1965లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో మొదలైంది. గిటారు జెర్రీ గార్సియా, రెండో గిటారు బాబ్ వియర్, బేస్ గిటారు ఫిల్ లెష్, డ్రమ్స్ బిల్ క్రూట్జ్‌మన్, ఆర్గాన్, హార్మోనికా ‘పిగ్‌పెన్’ అని అందరూ పిలిచే రాన్ మెకర్నన్. ముప్ఫై ఏళ్లలో వీళ్లు దాదాపు 2,300 కచేరీలు చేశారు. ఈ రోజు ఏ పాటలు, ఏ వరుసలో అని ముందుగా రాసుకునే అలవాటు వాళ్లకు లేదు. పాటకు పల్లవి, చరణాలు ఉంటాయి. చరణం ముగిశాక ఎవరు ఏం వాయించాలన్నది మాత్రం అప్పటికప్పుడు తేలాల్సిందే. స్వరకల్పనకు దిగిన విద్వాంసుడు ఎక్కడ తేలతాడో పక్కవాద్యాల వాళ్లకు తెలియనట్టే ఇక్కడా. అయితే ఇక్కడ పక్కవాద్యం అంటూ ఏదీ లేదు. అందరూ ఒకేసారి ముందుకు నడుస్తుంటారు, అందరూ ఒకేసారి వింటుంటారు. ఇలా వాయించేవాళ్లను జామ్ బ్యాండ్ అంటారు. ఆ దారి వేసింది వీళ్లే.

నేను ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో రికార్డింగ్ పని చేసి రిటైరైన మనిషిని. ఉద్యోగమంతా కర్ణాటక సంగీతం మైకుల ముందు గడిచింది. కాలిఫోర్నియాలో మా అమ్మాయి దగ్గర ఉన్న నెలల్లో ఈ బృందం టేపులు నా చెవిన పడ్డాయి. అప్పటి నుంచి విడిచిపెట్టలేదు. వీళ్ల అభిమానులు, అంటే డెడ్‌హెడ్స్, పాట పేరు చెప్పి ఊరుకోరు. ఏ ఏడు, ఏ నెల, ఏ ఊరు అని అడుగుతారు. ఒకరు 72 అంటారు, ఒకరు 77 అంటారు, ఇంకొకరు 1990 వసంతం అంటారు. ఎందుకని అడిగితే ఆ ఏడు ఏదో మహత్తు ఉందంటారు. ఆ మాట నాకు చాలదు. ఏళ్ల మధ్య తేడాకు చెవికి దొరికే కారణాలున్నాయి. వేదిక మీద డ్రమ్స్ ముందు ఎందరు కూర్చున్నారు, ఒకరు వాయించేది ఇంకొకరికి ఎలా వినబడింది, ఇవి తెలిస్తే సగం తెలిసినట్టే. మిగతా సగం ఆ రాత్రి టేపు ఎవరు తీశారన్న దాంట్లో ఉంది.

1969 ‘లైవ్/డెడ్’ ఆల్బమ్‌తో మొదలుపెడతాను. రాక్ సంగీతంలో 16 ట్రాకుల యంత్రంతో తీసిన తొలి లైవ్ ఆల్బమ్‌గా దానికి పేరు. అప్పటికి రెండో డ్రమ్మర్‌గా మికీ హార్ట్ చేరి ఏడాదిన్నర అవుతోంది. హార్ట్‌కు తబలా విద్వాంసుడు అల్లా రఖా అంటే ప్రాణం. తర్వాతి కాలంలో ఆయన కొడుకు జాకిర్ హుస్సేన్‌తో కలిసి చాలా పని చేశాడు. ఇద్దరు డ్రమ్మర్లు ఉన్నారు కదా అని ‘డార్క్ స్టార్’లో మోత ఉంటుందనుకుంటే పొరపాటు. గీకే వాద్యం ఒకటి, తాళాల మీద అక్కడక్కడా తాకిడి, దూరంగా గంట మోగినట్టు గాంగ్. లయ అంతా లెష్ బేస్ మీదే నిలుస్తుంది. ఆ తర్వాత ‘సెయింట్ స్టీఫెన్’, దాని వెంటనే ‘ది ఎలెవెన్’. అది పదకొండు మాత్రల పాట. మూడు, మూడు, మూడు, రెండు అని వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. అంతసేపూ కట్టేసి ఉంచిన డ్రమ్స్ రెండూ అక్కడ ఒక్కసారిగా విరుచుకుపడతాయి.

రికార్డింగ్ మనిషిగా నేను ఆగి చూసే చోటు ఇక్కడ ఒకటుంది. ఆల్బమ్‌లో ‘సెయింట్ స్టీఫెన్’ ఫిబ్రవరి 27 నాటిది. దానికి అతుక్కుని వచ్చే ‘ది ఎలెవెన్’ అంతకు నెల ముందు, జనవరి 26న అవలాన్ బాల్‌రూమ్‌లో వాయించింది. వేరే హాలు, వేరే రాత్రి. బాబ్ మాథ్యూస్, బెటీ కాంటర్ ఆ రెండింటినీ లయ తప్పకుండా కలిపారు. స్పూలు టేపును బ్లేడుతో కోసి అతికించిన రోజులు తెలిసినవాళ్లకు అదెంత పనితనమో అర్థమవుతుంది.

1971 ఫిబ్రవరిలో హార్ట్ బృందాన్ని వదిలి వెళ్లాడు. మేనేజరుగా ఉన్న అతని తండ్రి బృందం డబ్బుతో ఉడాయించాడు. ఆ సిగ్గుతో కొడుకు తప్పుకున్నాడు. అక్కడి నుంచి 1974 అక్టోబరు దాకా ఒక్క క్రూట్జ్‌మనే డ్రమ్మర్. ఇద్దరు డ్రమ్మర్లుంటే మలుపు తిరగాలంటే ముందు వాళ్లిద్దరూ ఒక మాట మీదికి రావాలి. ఒక్కడే ఉంటే ఆ అడ్డు లేదు. గార్సియా ఒక స్వరాన్ని కాస్త వంచితే చాలు, క్రూట్జ్‌మన్ కర్ర అప్పటికే అటు తిరిగి ఉంటుంది. 1971 అక్టోబరులో పియానో దగ్గరికి కీత్ గాడ్‌షా వచ్చాడు. అతని పియానోలో జాజ్ వాసన. మరుసటి ఏడు అతని భార్య డోనా జీన్ గొంతు కూడా కలిసింది. ఆ ఏడు ఏప్రిల్, మే నెలల్లో యూరప్‌లో 22 కచేరీలు చేశారు. వాటన్నిటినీ 2011లో ఒకే పెట్టెలో పెట్టి విడుదల చేశారు. రాటర్‌డ్యామ్ రాత్రి అందులోదే.

నాకైతే ఆ ఏడు యూరప్ కన్నా వెనీటా గొప్పది. ఆరిగన్ రాష్ట్రంలో యూజీన్ పక్కన చిన్న ఊరు. 1972 ఆగస్టు 27. అప్పుల్లో ఉన్న స్ప్రింగ్‌ఫీల్డ్ క్రీమరీ అనే డెయిరీని ఆదుకోవడానికి పెట్టిన కచేరీ అది. టికెట్లను ఆ డెయిరీ పెరుగు డబ్బాల లేబుళ్ల మీదే అచ్చేశారు. మిట్టమధ్యాహ్నం, ఆరుబయట, వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన ఎండ. ఎండకు తీగలు సాగి శ్రుతి జారుతుంటే పాటకూ పాటకూ మధ్య మళ్లీ మళ్లీ శ్రుతి చేసుకోవడం టేపులో వినిపిస్తుంది. ఆ కచేరీని సినిమా కూడా తీశారు. ‘సన్‌షైన్ డేడ్రీమ్’ పేరుతో 2013లో బయటికొచ్చింది. చొక్కాల్లేని జనం, దుమ్ము, వేదిక వెనక కర్ర ఎక్కి బట్టల్లేకుండా ఊగుతున్న మనిషి ఒకడు, అన్నీ అందులో కనిపిస్తాయి.

ఆ రోజు ‘డార్క్ స్టార్’ అరగంట దాటింది. పాడింది ఒక్క చరణమే. దానికి ముందు చాలాసేపు గార్సియా గిటారు ఏ తొందరా లేకుండా తిరుగుతుంటుంది. గాడ్‌షా పియానో దాని వెంట పడదు, పక్క నుంచి ప్రశ్న అడుగుతున్నట్టు నడుస్తుంది. చరణం తర్వాత అంతా కరిగిపోతుంది. శ్రుతి, లయ రెండూ విడిపోయి మోత మాత్రమే మిగిలే చోటు ఒకటి వస్తుంది. మొదటిసారి విన్నవాళ్లు అక్కడ ఆపేస్తారు. ఆపకండి. ఆ శిథిలంలోంచి వియర్ ‘ఎల్ పాసో’ అనే సాదాసీదా పాటను, మార్టీ రాబిన్స్ పాడిన పాత కౌబాయ్ పాటను, బయటికి లాగుతాడు. లయ ఎక్కడి నుంచి పుట్టిందో నాకు ఎన్నిసార్లు విన్నా పట్టుబడలేదు. క్రూట్జ్‌మన్ ఒక్కడే ఉన్నాడు కాబట్టే అది సాధ్యమైందని నా నమ్మకం. ఇద్దరుంటే ఆ మలుపులో ఎక్కడో ఒక కీలు కిర్రుమని ఉండేది.

పిగ్‌పెన్ ఆ కచేరీలో లేడు. జూన్‌లోనే చివరి కచేరీ వాయించేశాడు. 1973 మార్చిలో చనిపోయాడు. అతనితోపాటు బృందంలోని బ్లూస్ పాటల బరువు కూడా పోయింది. 73, 74 టేపుల్లో జాజ్ పాలు ఎక్కువగా ఉండటానికి అదీ ఒక కారణమే.

ఇక 1974. నా మటుకు నాకు ఈ బృందం చరిత్రలో అన్నిటికన్నా ఆసక్తికరమైన ఏడు ఇదే. కారణం సంగీతం ఒక్కటే కాదు, స్పీకర్లు కూడా. మామూలు కచేరీలో స్పీకర్లు వేదిక ముందు, జనం వైపు తిరిగి ఉంటాయి. వాయించేవాళ్లకు తమ ధ్వని వినబడటానికి కాళ్ల దగ్గర వేరే చిన్న స్పీకర్లు పెడతారు. అంటే జనం వినేది ఒకటి, వాయించేవాళ్లు వినేది ఇంకొకటి. ‘బేర్’ అని పిలిచే ఆవ్స్లీ స్టాన్లీ, అతని తోటివాళ్లు దీన్ని తిరగేశారు. స్పీకర్లన్నిటినీ బృందం వెనక గోడలా పేర్చారు. ఆరు వందలకు పైగా స్పీకర్లు, 26,400 వాట్లు, దాదాపు 75 టన్నుల బరువు. ‘వాల్ ఆఫ్ సౌండ్’ అన్నారు దాన్ని. 1974 మార్చి 23న శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనున్న కౌ ప్యాలెస్‌లో మొదటిసారి పూర్తిగా నిలబెట్టారు.

మైకు ముందు పనిచేసిన ఎవరికైనా వెంటనే ఒక అనుమానం వస్తుంది. స్పీకర్ల ముందు మైకు పెడితే కీచుమని కూత పెట్టదా? పెడుతుంది. అందుకని ఒక్కో గాయకుడికి రెండేసి మైకులు, ఒకదాని మీద ఒకటి పెట్టారు. ఆ రెండింటినీ ఒకదానికొకటి వ్యతిరేక ఫేజ్‌లో కలిపారు. గోడ నుంచి వచ్చే ధ్వని రెండు మైకుల్లోనూ సమానంగా పడుతుంది కాబట్టి అది రద్దయిపోతుంది. గాయకుడు ఒక మైకుకు పెదవులు ఆనించినట్టుగా పాడతాడు కాబట్టి అతని గొంతు మాత్రం మిగులుతుంది. 74 టేపుల్లో గొంతులు కొంచెం పలచగా, దూరంగా ఉంటాయి. అది పాడేవాళ్ల లోపం కాదు, ఆ రద్దులో గొంతులోని నిండుదనం కూడా కొంత పోయింది.

వాద్యాల సంగతి వేరు. ఒక్కో వాద్యానికి విడిగా తన స్పీకర్ల వరుస. ఒకే స్పీకరులో గిటారు, గొంతు, డ్రమ్స్ కలిసి వెళ్తే ఒకదాన్నొకటి మసకబరుస్తాయి. ఇక్కడ ఆ గొడవ లేదు. లెష్ బేస్‌కైతే నాలుగు తీగల ధ్వనినీ నాలుగు విడి వరుసలకు పంపే ఏర్పాటు కూడా ఉండేది. జనం ఏది వింటున్నారో వాయించేవాళ్లూ సరిగ్గా అదే వింటున్నారు. దీని ఫలితం వినాలంటే ‘ప్లేయింగ్ ఇన్ ద బ్యాండ్’ పట్టుకోవాలి. పది మాత్రల పాట. 1971లో వచ్చిన ఆల్బమ్‌లో దాని నిడివి అయిదు నిమిషాలు కూడా లేదు. 1974 మే 21న సియాటిల్‌లో అదే పాట 46 నిమిషాలు. నిడివి ముఖ్యం కాదు. ఆ 46 నిమిషాల్లో ధ్వని గుసగుస స్థాయికి దిగే చోట్లు చూడండి. గాడ్‌షా ఒక్క మీట నొక్కుతాడు, అవతల లెష్ దానికి జవాబిస్తాడు. పెద్ద హాల్లో అంత మెల్లగా వాయించే ధైర్యం ఎవరికైనా వచ్చిందంటే, పక్కవాడి ప్రతి చిన్న స్వరమూ తనకు వినబడుతోందన్న భరోసా వల్లే వచ్చింది.

ఆ గోడను మోయడం మాత్రం ఎవరి తరమూ కాలేదు. ఒక ఊళ్లో విప్పుతుంటే ఇంకో ఊళ్లో వేదిక కడుతుండాలి. లారీలు, కూలి, పెట్రోలు, అంతా తడిసి మోపెడైంది. ఆ అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలోని వింటర్‌ల్యాండ్‌లో అయిదు రాత్రులు వాయించి ఊరూరా తిరగడం ఆపేశారు. చివరి రాత్రి, 20వ తేదీన, హార్ట్ తిరిగొచ్చి డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. 1975లో మొత్తం నాలుగే కచేరీలు.

1976లో మళ్లీ బయల్దేరినప్పుడు అది వేరే బృందం. ఇద్దరు డ్రమ్మర్లు. నడక నెమ్మదించింది, అడుగు బరువెక్కింది. 77లో ‘టెర్రపిన్ స్టేషన్’ ఆల్బమ్ కోసం నిర్మాత కీత్ ఆల్సన్ వాళ్లను స్టూడియోలో గట్టిగా సాధన చేయించాడు. ఆ వసంతం కచేరీల్లో కనిపించే పొందిక అక్కడిదే. ‘స్కార్లెట్ బిగోనియాస్’ పాటనే తీసుకోండి. 74లో అది ఒంటరి పాట, చకచకా నడుస్తుంది, చివర్లో కాసేపు ఎగిరి వాలిపోతుంది. 77 మార్చి నుంచి దానికి ‘ఫైర్ ఆన్ ద మౌంటెన్’ జత చేశారు. రెండే రెండు కార్డ్‌ల మీద నడిచే పాట. రెండు డ్రమ్స్ కలిసి ఒకే నడకను తొక్కుతుంటే గార్సియా గిటారు ఆ రెండు కార్డ్‌ల మీదే అలా తిరుగుతూ ఉంటుంది. 72లోలా ఎటు పోతారో తెలియని భయం ఇక్కడ ఉండదు. ఎక్కడికి పోతున్నారో అందరికీ తెలుసు, ఆ పోవడంలోనే సుఖం.

ఈ జంటకు అందరూ చెప్పే ఉదాహరణ 1977 మే 8, న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకా, కార్నెల్ విశ్వవిద్యాలయంలోని బార్టన్ హాల్. మే నెలలో మంచు కురిసిన రాత్రి. అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరిచే రికార్డింగుల జాబితాలోకి ఆ టేపు ఎక్కింది. మొత్తం బృందం చరిత్రలోనే గొప్ప కచేరీ అంటారు. గొప్పదే. కాకపోతే ఆ పేరులో సగం బెటీ కాంటర్ జాక్సన్‌కు రావాలి. ‘లైవ్/డెడ్’ అతికించిన ఆ బెటీయే. ఆమె టేపుల్లో బేస్ గుండ్రంగా నిలుస్తుంది, రెండు డ్రమ్స్ ఒకటి ఎడమన, ఒకటి కుడిన విడివిడిగా వినిపిస్తాయి, గొంతు మధ్యలో ఊపిరితో సహా ఉంటుంది. ఆమె టేపులు దాచిన గోదాము అద్దె కట్టలేని పరిస్థితి వచ్చి 1986లో వాటిని వేలం వేశారు. కొన్నవాళ్లు బాగుచేసి నకళ్లు పంచారు. అలా కార్నెల్ ప్రతి డెడ్‌హెడ్ ఇంటికీ చేరింది. అదే వారంలో ఇంచుమించు అంత బాగా వాయించిన రాత్రులు ఇంకా ఉన్నాయి. మనం రెండు ఏళ్లను పోలుస్తున్నామనుకుంటాం. చాలాసార్లు పోలుస్తున్నది రెండు టేపుల్ని. మైకు పెట్టిన మనిషి పేరు తెలుసుకోకుండా ఏడుకు తీర్పు చెప్పడం నాకు నచ్చదు.

తర్వాతి పదేళ్లు తొందరగా దాటేస్తాను. 1978 సెప్టెంబరులో ఈజిప్టు వెళ్లి గిజా పిరమిడ్ల ముందు వాయించారు. చివరి రాత్రి చంద్రగ్రహణం కూడా కలిసొచ్చింది కానీ సంగీతం ఆ చోటుకు తగ్గట్టు లేదు. 79లో గాడ్‌షా దంపతులు వెళ్లిపోయి బ్రెంట్ మిడ్‌ల్యాండ్ కీబోర్డుకు వచ్చాడు. గార్సియా ఆరోగ్యం కుంగుతూ వచ్చి 1986 జులైలో మధుమేహంతో కోమాలోకి జారాడు. లేచాక గిటారు మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడు ‘టచ్ ఆఫ్ గ్రే’ పాట అమెరికా టాప్ టెన్‌లోకి ఎక్కింది. ఇరవై ఏళ్లుగా లేని జనం ఒక్కసారిగా స్టేడియాలకు తరలివచ్చారు. ఈ దశాబ్దంలో నాకు ముఖ్యమైంది ఇంకొకటి. 1984 అక్టోబరు నుంచి టేపు తీసుకునే అభిమానులకు హాల్లో ప్రత్యేకంగా చోటు కేటాయించారు. పొడవాటి స్టాండ్ల మీద మైకుల అడవి. ఒకటే షరతు: టేపులు మార్చుకోవచ్చు, అమ్ముకోకూడదు. కళాకారులు తమంతట తామే ఇలా తలుపు తీసిపెట్టడం నేను మా వృత్తిలో ఎక్కడా చూడలేదు. ఇవాళ మనం ఏళ్లను పక్కపక్కన పెట్టి వినగలుగుతున్నామంటే వాళ్ల చలవే.

    

1989, 90 సంవత్సరాలు చివరి వెలుగు. మిడ్‌ల్యాండ్ గొంతు గరుకు, వేళ్లు చురుకు. గిటార్లకు ఇతర వాద్యాల ధ్వనులు పలికించే మిడి ఏర్పాటు తగిలించారు. గార్సియా తీగ మీటితే వేణువు పలుకుతుంది, ట్రంపెట్ పలుకుతుంది. కొందరికి అది ఆటబొమ్మలా అనిపిస్తుంది. 1990 మార్చి 29న న్యూయార్క్ దగ్గరి నాసౌ కొలీజియంలో శాక్సఫోన్ విద్వాంసుడు బ్రాన్‌ఫర్డ్ మార్సాలిస్ కలిశాడు. మొదటి భాగంలో ఒక్క పాటకని వచ్చినవాణ్ని రెండో భాగానికీ ఉంచేసుకున్నారు. ‘ఐస్ ఆఫ్ ద వరల్డ్’లో శాక్సఫోన్ ఒక పదం అంటే గార్సియా దాన్ని సగంలో అందుకుని పూర్తి చేస్తాడు. రిహార్సల్ లేదు. కొత్త మనిషి రావడంతో పాతవాళ్లందరూ మళ్లీ చెవులు రిక్కించారు. ఇద్దరు డ్రమ్మర్లతో కూడా బృందం అంత తేలిగ్గా మలుపు తిరగగలదని ఆ రాత్రి చూపించింది. వెనీటా గురించి నేను పైన చెప్పిన మాటకు ఇది గట్టి ఎదురు సాక్ష్యం, ఒప్పుకుంటాను.

ఆ జులైలో మిడ్‌ల్యాండ్ చనిపోయాడు. 90లలో వాయించేవాళ్లు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం మొదలైంది. ఎవరికి కావలసిన పాళ్లలో వాళ్లకు ధ్వని. వేదిక ప్రశాంతంగా ఉంటుంది, పాడేవాళ్లకు శ్రుతి నిలుస్తుంది, ఆ మేలు కాదనను. కానీ 1974లో అందరూ ఒకే గోడ నుంచి ఒకే ధ్వని విన్నారు. ఇప్పుడు ఎవరి చెవిలో వాళ్ల కచేరీ. పక్కవాణ్ని తన మిశ్రమంలో తగ్గించుకున్న మనిషి అతనికి జవాబెలా ఇస్తాడు? గార్సియా ఆరోగ్యం, అలవాట్లు ఆ చివరి ఏళ్లకు ప్రధాన కారణాలని అందరూ అంటారు, అది నిజమే. ఇదీ ఒక కారణమని నేను చేరుస్తాను. 1995 జులై 9న షికాగో సోల్జర్ ఫీల్డ్‌లో చివరి కచేరీ. ఆగస్టు 9న గార్సియా కన్నుమూశాడు. వయసు 53.

కొత్తగా వినేవాళ్లు ఒక్క పాటే పట్టుకోండి. ‘ప్లేయింగ్ ఇన్ ద బ్యాండ్’ అయితే మేలు. ముందు 71 నాటిది, తర్వాత సియాటిల్, ఆ తర్వాత 77లో ఏదైనా. గిటారు సంగతి మరిచిపోయి డ్రమ్స్ మీదే చెవి పెట్టండి. ఇవి సౌండ్‌బోర్డు టేపుల్లో, అంటే కచేరీ మిక్సింగ్ బల్ల నుంచి నేరుగా తీసిన టేపుల్లో, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినాలి. ఒక్క హ్యాంప్టన్ ‘డార్క్ స్టార్’ మాత్రం జనం మధ్య మైకులు నిలబెట్టి అభిమానులు తీసిన టేపులో వినండి. సౌండ్‌బోర్డులో ఆ కేకలు చాలావరకు పడలేదు, ఆ రాత్రికి అవి లేకపోతే పాట సగమే.